ఆరు పాయింట్ ఎనిమిది

నేను ఒక రక్తపరీక్ష యంత్రాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. వేలి కొసన సూదితో గుచ్చి, ఉబికిన చుక్కను సన్నని పట్టీకి తాకించి నా నోట్లో పెడితే, ఆ మనిషి రక్తంలో ఎంత బలముందో కాసేపట్లో అంకె వేసి చూపిస్తాను. పన్నెండు దాటితే ఆడపిల్లకు భయం లేదు. ఎనిమిదికి దిగితే ఆసుపత్రికి పంపాలి. నాకు తెలిసిన విద్య ఇంతే. ఉన్నదానికి ఒక చుక్క కలిపి చెప్పడం రాదు, ఒక చుక్క తగ్గించి చెప్పడమూ రాదు.

నగరం శివార్లలోని ఒక కార్ఖానాలో పుట్టాను. నీలం టోపీ పెట్టుకున్న ఒకావిడ నన్ను మూడుసార్లు పరీక్షించి, మూడుసార్లూ ఒకే అంకె చూపించానని మెచ్చుకుని అట్టపెట్టెలో పెట్టింది. మనుషులకు నిజం కావాలి కాబట్టే ఇంత జాగ్రత్త పడుతున్నారని అప్పుడు నమ్మాను.

నేను చేరింది నాగర్‌కర్నూల్ వైపు ఎర్రకుంట ఆరోగ్య ఉపకేంద్రానికి. అక్కడి నర్సు మణెమ్మ. నలభై దాటిన మనిషి, పన్నెండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. కిశోర బాలికల ఆరోగ్యం కోసం సర్కారు పెట్టిన పథకం కింద, ఊళ్లోని బాలికల వసతి పాఠశాల ఆమె బాధ్యత. పిల్లలకు వారానికొక నీలం మాత్ర మింగించాలి. ఏడాది మొదట్లో ఒకసారి, ఆరు నెలలకు మరోసారి రక్తం కొలవాలి. ఆ రెండు కొలతల మధ్య తేడాయే పథకం ఫలితమట.

మొదటిసారి కొలిచిన రోజు మణెమ్మ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. పిల్లల్ని వరసలో నిలబెట్టి అంకెలు అరవలేదు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, నన్ను వాళ్ల వైపు తిప్పి, "నువ్వే సదువు బిడ్డా, నీ నెత్తురు గురించి నీకు తెల్వాలె," అనేది. రెండు వందల పన్నెండు మందిలో నూట ముప్పై ఒక్క మందికి తక్కువ వచ్చింది. ఉన్నదున్నట్టు కార్డుల్లో ఎక్కించింది.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి నవనీత ఒకతె. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆరోజు ఆమెకు తొమ్మిది వచ్చింది. మణెమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, నెలసరి పది పన్నెండు రోజులు ఆగకుండా అవుతోందని తలొంచుకుని చెప్పింది. తల్లికి కూడా చెప్పని మాట అది. "నేనున్న గద. మల్లొక్కసారి సూసి, తగ్గితె నేనే దవాఖానకు తీస్కపోత," అంది మణెమ్మ. నవనీత ముఖంలో బరువు దిగిపోవడం చూశాను.

తరువాత ఆరు నెలలూ మాత్రలు నడిచాయి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోందని సగం మంది పిల్లలు గోడ అవతలికి విసిరేసేవారు. పైకి వెళ్లే లెక్కలో మింగిన మాత్రలకు గడి లేదు, పంచిన మాత్రలకే ఉంది. ఆ గడి ప్రకారం పథకం దివ్యంగా సాగుతోంది.

రెండోసారి కొలిచే నాడు, సగం మంది అయ్యేసరికి మణెమ్మ ఫోను మోగింది. జిల్లాలో పథకం చూసే అధికారి రాఘవేందర్. నేను బల్ల మీదే ఉన్నాను, ప్రతి మాటా వినిపించింది.

"ఎంతవరకొచ్చింది మణెమ్మా?"

"ఏం మారలే సార్. ఇంక కొందరికి తగ్గింది గూడ."

"అన్ని మండలాలల్ల సగానికి సగం బాగైనరు. నువ్వొక్కదానివే మమ్మల్ని ముంచేటట్టున్నవ్. వచ్చే నెల కాంట్రాక్టులు మల్ల రాసుకునేది ఉన్నది, యాదుందా?"

ఫోను పెట్టేసి ఆమె తరువాతి పిల్లను పిలిచింది. లోపలికి వచ్చింది నవనీత. వేలు గుచ్చింది. చుక్క పలచగా, నీళ్లలా ఉంది. నేను నా విద్యంతా ఉపయోగించి చెప్పాను: ఆరు పాయింట్ ఎనిమిది.

మణెమ్మ చూసింది. కలం తీసి, కార్డు మీద పదకొండు పాయింట్ నాలుగు అని రాసింది. "మంచిగనే ఉన్నది, పో బిడ్డా," అంది, తల ఎత్తకుండా.

ఆ తరువాత వచ్చిన పిల్లలకు కూడా నేను ఒకటి చెబుతూ పోయాను, ఆమె ఒకటి రాస్తూ పోయింది. సాయంత్రానికి ఎర్రకుంట పిల్లల్లో సగం మంది ఆరోగ్యవంతులైపోయారు.

ఎనిమిదో రోజున నవనీత నీళ్ల బకెట్టు మోస్తూ మెట్ల మీద పడిపోయింది. వార్డెన్ కార్డు తీసి చూసి, నెత్తురు బాగానే ఉంది కదా, ఎండదెబ్బ అయ్యుంటుందని ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు తాగించి పడుకోబెట్టింది. మూడో నాటికి పిల్లకు ఊపిరి అందలేదు. తల్లి ఆటోలో వేసుకుని జిల్లా ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ కొలిస్తే ఐదుకు దిగింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడట డాక్టరు.

తల్లి గొడవ పెట్టుకుంది. విచారణకు రాఘవేందరే వచ్చాడు. నన్నూ నవనీత కార్డునూ బల్ల మధ్యలో పెట్టారు.

"ఈ అంకె ఎట్లొచ్చింది?" అని అడిగాడు.

మణెమ్మ నా వైపు చూడలేదు. "మిషన్ అట్లనే సూపెట్టింది సార్. నేను సూపెట్టిందే రాసిన."

అందరి ముఖాలూ తేటపడ్డాయి. నాకు నోరు లేకపోవడం అందరికీ కలిసొచ్చింది. నేను పాడైపోయానని కాగితం రాశారు. అయితే నవనీత ఒక్కదాని విషయంలోనే పాడైపోయాను. మిగిలిన రెండు వందల పదకొండు మందికీ నేను చెప్పానంటూ రాసిన అంకెలు మాత్రం నికార్సైనవని పైకి పంపారు. ఆ ఏడాది మండలానికి ప్రశంసాపత్రం వచ్చింది.

నెల తరువాత నవనీత ఉపకేంద్రానికి వచ్చింది. నేనింకా అలమర మీదే ఉన్నాను, సామాన్ల గదికి చేర్చలేదు. పిల్ల గడప దగ్గరే నిలబడింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అని లేచింది మణెమ్మ.

"మిషన్ల ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది నర్సమ్మా. నేను సదివిన. మీరు వేరేది రాసుడు గూడ సూసిన."

మణెమ్మ తిరిగి కుర్చీలో కూర్చుంది.

"మీరు రాసిన్రు గద, నా కండ్లే తప్పు సూసినయేమో అనుకున్న," అంది నవనీత. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "ఎవ్వలకు జెప్పలే. అమ్మకు గూడ జెప్పలే. ఇంక మీకు గూడ ఏ సంగతి జెప్పను, గంతే." వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అధికారి నా అంకెలు మార్పించాడని నాకు బాధ లేదు. అతను నన్నెప్పుడూ నమ్మలేదు, నేనూ అతన్ని నమ్మలేదు. కానీ నీ నెత్తురు గురించి నీకు తెలియాలని నన్ను పిల్లల వైపు తిప్పిన చెయ్యే నన్ను అబద్ధాలకోరును చేసింది. ఆ నొప్పికి అంకె వేయడం నాకు చేతకాదు.

ఇప్పుడు సామాన్ల గదిలో విరిగిన మంచాలు, తుప్పుపట్టిన తూకం బల్లల మధ్య ఉంటున్నాను. మొన్నొక మధ్యాహ్నం మణెమ్మ దేనికోసమో వచ్చి నన్ను చూసింది. తలుపు దగ్గరగా వేసి, చేతిలోని టార్చిలైటు బ్యాటరీలు తీసి నాలో వేసింది. సంచిలోంచి కొత్త సూది, పట్టీ తీసి తన వేలు తానే గుచ్చుకుంది.

నేను ఎప్పటిలాగే చెప్పాను: ఎనిమిది పాయింట్ ఒకటి.

ఆమె విరిగిన మంచం అంచున కూర్చుని నా తెర మీది వెలుతురు ఆరిపోయేదాకా చూస్తూనే ఉంది. తరువాత బ్యాటరీలు తీసేసి, నన్ను మంచాల కిందికి నెట్టి, తలుపు వేసుకుని వెళ్లిపోయింది. ఆ అంకెను కూడా ఆమె ఎక్కడా రాయలేదు.