రుచికి పది మార్కులు

తొంభైమూడు ఫిబ్రవరిలో ఇంటర్ హోమ్‌సైన్స్ ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్‌గా సిద్దిపేట వెళ్లాలని ఆర్డరు రాగానే స్వరాజ్యం కళ్లు ఒక్క పేరు కోసమే వెతికాయి. ఆడపిల్లల కాలేజీ, ఇంటర్నల్ ఎగ్జామినర్ ప్రమీలాదేవి. పాత కోపం లేచింది, దాని వెనకే సంతోషమూ వేసింది. దొరికింది మహాతల్లి, పద్నాలుగేళ్లకు దొరికింది అనుకుంది.

అప్పుడు ప్రమీలాదేవి ఎక్స్‌టర్నల్, స్వరాజ్యం పరీక్షకొచ్చిన పిల్ల. అందరికీ ఇచ్చిన వంటకం సేమ్యా పాయసం. తండ్రి ఇశ్రాయేలు వాళ్ల ఊరు తొగుట నుంచి పొద్దున్నే చిక్కటి పాలు తెచ్చిచ్చి, సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. ప్రమీలాదేవి వరసగా అందరి గిన్నెల్లోనూ చెంచా పెట్టింది, తిన్నది, తల ఊపింది. స్వరాజ్యం దగ్గరికొచ్చి, "మీ నాయన పేరేంది?" అని అడిగింది. పేరు వినగానే చెంచా బల్ల మీద పెట్టేసింది. నాలుక మీద ఒక్క చుక్క పడలేదు, రుచికి మాత్రం పదికి రెండు పడ్డాయి. ఆ కాసిని మార్కులు తగ్గే హైదరాబాద్ కాలేజీలో సీటు పోయింది. ఏడాది ఆగి, ఇంకెక్కడో చేరి, పడుతూ లేస్తూ లెక్చరర్ అయింది స్వరాజ్యం. సీటు పోయినందుకు అంతగా ఏడవలేదు. నాయన తెచ్చిన పాలతో చేసిన పాయసం మోరీలో పారబోయించినందుకు ఏడ్చింది.

పరీక్ష రోజు ప్రమీలాదేవి ఆమెను గుర్తే పట్టలేదు. "రాండ్రి మేడం, చాయ్ తాగుతరా?" అంటూ ఎదురొచ్చింది. పక్క ల్యాబులో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తున్న దామోదర్ సారు కూడా చాయ్‌కి వచ్చాడు.

"మీకేంది మేడం, తినుకుంట మార్కులేస్తరు. మాకైతే ఏ పిల్లకు ఏ సాల్ట్ ఇచ్చినమో ముందుగాలనే తెలుసు. రాసింది సూస్తే అయిపాయె" అని నవ్వాడు.

"మీకు కన్ను సాలు సార్, తెలుగోళ్లకు ఓపికగ సదువుడు కావాలె. మాకు నాలుక లేకుంటే నడువది" అంది స్వరాజ్యం, ప్రమీలాదేవినే చూస్తూ.

"అవునవును" అంది ప్రమీలాదేవి.

వంటకం ఎంచే హక్కు ఎక్స్‌టర్నల్‌ది. స్వరాజ్యం సేమ్యా పాయసమే ఇచ్చింది. కావాలనే ఇచ్చింది.

వంటలయ్యాక ఇద్దరూ బల్లల వెంట నడుస్తూ రుచి చూశారు. చిట్టచివరి బల్ల దగ్గర బషీరున్నీసా చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఫక్రుద్దీన్ బిడ్డ. స్వరాజ్యం చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంది.

ఉప్పు! వట్టి ఉప్పు! పిచ్చిపిల్ల కంగారులో చక్కెర అనుకుని ఉప్పు డబ్బా వంపేసింది. న్యాయంగా వెయ్యాల్సింది రెండే. ఆ అంకె తలపుకు రాగానే స్వరాజ్యం పెన్ను ఆగిపోయింది.

"ఈ పిల్లకు ఎనిమిది ఏద్దాం మేడం" అంది వెనక నుంచి ప్రమీలాదేవి. చేతిలో చెంచా లేదు. అంతకుముందరి బల్ల మీదే పెట్టేసి వచ్చింది.

అమ్మో, ఎంత తెలివి మీరింది! రెండు వేస్తే అల్లరవుతుందని ఈ మధ్యనే నేర్చుకుంది కాబోలు. ఎనిమిది వేస్తే ఎవరడుగుతారు? ముట్టడం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. స్వరాజ్యానికి ఒళ్లు భగ్గున మండింది.

"మీరు రుచి సూసిన్రా మేడం?"

"సూసినట్టే. రంగు సూస్తే తెలుస్తలేదా? మంచిగ కుదిరింది."

"అందరివి తిని గీ పిల్లది ఎందుకు తినలేదు? రుచి సూడకుంట మార్కులేస్తే నేను సంతకం పెట్టను. బ్యాచ్ మొత్తం ఆగుతది. ఎందుకాగిందో పైవాళ్లకు మీరే చెప్పుకోవాలె."

పిల్లలందరూ ఇటే చూస్తున్నారు. స్వరాజ్యం తన చేత్తోనే ఒక గిన్నె నిండా పోసి ఇచ్చింది. ప్రమీలాదేవి ముఖం మాడిపోయింది. కళ్లు మూసుకుని ఒక్క చెంచాడు నోట్లో పోసుకుంది.

చూడాలి ఆ ముఖం! ఉమ్మేస్తే, చూడకుండానే ఎనిమిది అన్నానని ఒప్పుకున్నట్టు. మింగుదామంటే గొంతు దిగదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వరాజ్యానికి జాలి వెయ్యలేదు. ఎందుకు వెయ్యాలి?

"ఎట్లున్నది మేడం?"

"మం... మంచిగున్నది."

"ఎనిమిదేనా?"

"ఎనిమిదే."

"మంచిగున్నప్పుడు ఒక్క చెంచాతోనే ఆపుడెందుకు? గిన్నె ఖాళీ చెయ్యుండ్రి. పిల్ల సంబురపడతది."

ఖాళీ చేసింది. అడుగున సేమ్యా పోగుతో సహా మింగింది. బషీరున్నీసా ముఖం వెలిగిపోయింది. స్వరాజ్యం ఎనిమిది వేసింది, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ ఎనిమిది అబద్ధమని స్వరాజ్యానికి తెలుసు. తెలిసే వేసింది.

"ఇంకోసారి వంపే ముందు కొంచెం నాలుక మీద ఏసుకోని సూడు బిడ్డా" అని పిల్ల చెవిలో చెప్పి బయటికొచ్చింది.

ప్రమీలాదేవి నల్లా దగ్గర వంగి పుక్కిలిస్తూ ఉంది. స్వరాజ్యాన్ని చూసి గొంతు సవరించుకుని, "మీది ఏ ఊరమ్మా?" అంది.

"తొగుట. ఇశ్రాయేలు బిడ్డను."

ప్రమీలాదేవి నల్లా కట్టడం కూడా మరిచి అలాగే చూసింది. స్వరాజ్యం సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆనాడు మీరు ముట్టని పాయసంల నేను చక్కెరే ఏసిన మేడం."