దూలానికెక్కిన మోకు

నేను ఒక మోకును. తాటిచెట్టెక్కే మనిషిని చెట్టుకు కట్టి ఉంచే తాడును. కల్లు తాగినవాళ్లు చెట్టును మెచ్చుకుంటారు, గీసిన చేతిని మెచ్చుకుంటారు, నిషా దిగాక రెంటినీ తిడతారు. నన్ను మాత్రం ఎవరూ తలచుకోరు. పోనీలెండి, నా పని పట్టుకోవడం, పేరు తెచ్చుకోవడం కాదు.

నన్ను పేనినవాడు ఉప్పలయ్య తండ్రి. ఒంట్లో సత్తువ తగ్గాక నన్ను కొడుకు భుజాన వేసి, తాను అరుగెక్కి కూర్చున్నాడు, కొన్నాళ్లకు పోయాడు. ఉప్పలయ్య చెట్టు మొదట్లో నన్ను కళ్లకద్దుకుని, "పానం నీ చేతుల్ల పెట్టిన" అనేవాడు. తీరా పైకెళ్లి ఆకుల మధ్య కుదురుకోగానే నన్ను విప్పి మట్టకు తగిలించేవాడు. కట్టి ఉంటే చెయ్యి ఆడదట! గీతవాళ్లలో చాలామందికి ఇదే అలవాటు. ఎక్కేటప్పుడు నేను దేవుణ్ణి, ఎక్కాక అడ్డం.

ఆ రోజు సన్నగా తుంపర పడుతోంది. కల్లు నిండిన చివరి లొట్టి అందుకోబోయి తడి మట్ట మీద కాలు వేశాడు. కాలు జారింది. నేను పైనే వేలాడుతున్నాను, ఉప్పలయ్య కింద పడి ఉన్నాడు. చేతికందే దూరంలో ఉండి కూడా పట్టుకోలేకపోయాను. ఆ బాధ నా పోగుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ప్రాణం దక్కింది, నడుము కింద చచ్చుబడింది. నన్ను దించి తెచ్చాక కులపెద్ద, "పడ్డోని మోకు ఇంట్ల ఉండద్దు. కాలవెట్టుర్రి" అన్నాడు.

ఉప్పలయ్య భార్య అండాలు నన్ను లాక్కుంది. "ఇది తెగి పడ్డడా? దీన్ని ఇడిసిపెట్టి పడ్డడు. దీన్నెందుకు కాలవెట్టాలె?"

ఉప్పలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మీద పగబట్టాడు. వీపు పుండ్లు పడింది. కూలి పనుల నుంచి వచ్చి అతణ్ణి ఎత్తి, తిప్పి, కడిగి అండాలు నడుమూ వంగిపోయింది. ఇలాగే సాగితే మంచం మీదే కుళ్లి పోతాడని ఆమెకు అర్థమైంది. ఒక ఉదయం నన్ను దూలం మీదుగా వేసి, అతని ఛాతీకి ఎదురుగా వేలాడేలా ముడి వేసింది.

"ఇగ నాతోని గాదు. దీన్ని పట్టుకొని నువ్వే లెవ్వు."

"ఉరేసుకుంట దీనికి" అన్నాడు.

ఆమె ముడిని ఇంకోసారి గట్టిగా లాగి చూసింది. "లేసి కూసున్నంకనే గద, అది గూడ" అని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ పనికి వెళ్లిపోయింది. నన్ను దేనికి పట్టుకుంటాడో నాకు మాత్రం తెలియదు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. పెంకుల సందులోంచి ధార సరిగ్గా అతని ముఖం మీద పడింది. పిలిస్తే పలికేవాళ్లు లేరు. తిట్టాడు, ఏడ్చాడు, ఊపిరాడక తల తిప్పాడు. చివరికి నా వైపు చెయ్యి చాచాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు నన్ను కళ్లకద్దుకున్నాడు. అప్పుడు లాగాడు. దూలం కిర్రుమంది. వెనక్కి పడ్డాడు. మళ్లీ లాగాడు.

అండాలు తడిసి ముద్దై వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను రెండు చేతులా పట్టుకుని.

"తాళ్లు కనవడుతున్నయే ఈడికెల్లి" అన్నాడు గుమ్మం బయట తాటిచెట్లకేసి చూస్తూ. "బువ్వ వెట్టు."

కాళ్లు రాలేదు, ఇక రావు. పుండ్లు మానడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు ఊళ్లో గీతవాళ్ల కత్తులు మంచం మీద కూర్చునే నూరిపెడతాడు. ఒక్కోరోజు కత్తి ముట్టడు. తాటిచెట్లవైపు చూస్తూ ఉండిపోతాడు. ఆ చూపు నేను భరించలేను. అయినా తెల్లారగానే చెయ్యి నా కోసం వెతుకుతుంది.

ఒకప్పుడు ఆకాశమంత ఎత్తుకు తీసుకెళ్లేదాన్ని. ఇప్పుడు మంచం మీంచి మూరెడు లేపుతాను, అంతే. నాకిది చాలు. అప్పట్లో పైకి చేరగానే నన్ను విప్పేసేవాడు. ఇప్పుడు లేచి కూర్చున్నాక కూడా వదలడు.