గురువారం ఫొటోలు

సిగ్‌సిగ్ ఊళ్ళో ఫొటోలు తీసేది లియోనిదాస్ అయినా, వాటిని మనుషుల చేతికి చేర్చేది అతని భార్య తర్హేలియా. బాప్తిస్మాలూ, తొలి సత్ప్రసాదాలూ, బడిపిల్లల పట్టాలూ వారమంతా అతను తీసేవాడు. ఆమె అవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గురువారం పొద్దున్న ఎనిమిది గంటల బస్సుకి క్వెన్కా పట్నం వెళ్ళేది. ఫొటోలు కడిగే ల్యాబులో ఇచ్చి, మూడు గంటలు ఆగి, కవర్లు సంచిలో సర్దుకుని మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరేది.

ఆ మూడు గంటలూ ఏం చేస్తావని ఆమెనెవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికేమీ లేదు. తోమెబాంబా నది ఒడ్డున కూర్చునేది. ఓ కప్పు కాఫీ తాగి, కోడిగుడ్డు కొట్టి వేయించిన మోతే మొక్కజొన్న గింజలు తినేది. నిద్రొస్తే కునికేది. అత్తగారు రోసెండా తుంటి విరిగి మంచం పట్టి మూడేళ్ళైంది. “తర్హేలియా!” అన్న పిలుపు వినపడని చోటు ఆమెకు లోకంలో అదొక్కటే. గురువారాలు మాత్రం ఆడపడుచు ఎల్వియా వచ్చి తల్లి దగ్గర కూర్చునేది.

ఏప్రిల్లో ఒకరోజు లియోనిదాస్ భోజనం ముందు కూర్చుని సంబరంగా అన్నాడు.

“ఇంట్లోనే ప్రింటర్ పెట్టేద్దాం. నీకు ఆ బస్సు బాధ తప్పుతుంది.”

“నాకేం బాధ లేదు.”

“కడుపులో తిప్పుతుందన్నావుగా?”

“అది పోయినేటి మాట.”

ఆమె గుక్క తిప్పుకోకుండా లోపాలన్నీ ఏకరువు పెట్టింది. ఇంటి ఇంకు ఎండ తగిలితే వెలిసిపోతుంది, ల్యాబు ఫొటో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నాలుగు రోజులు వాడకపోతే ఇంకు గొట్టాలు ఎండిపోతాయి. ఒక్క కాగితం పాడైనా నష్టం మనదే.

“ఇవన్నీ నీకెవరు చెప్పారు?”

“ల్యాబులో పియెదాద్ గారు.”

“బాగుంది! కుండలెక్కడ కొనాలని కుమ్మరినే అడిగినట్టుంది. తన బేరం పోతుంటే ఆవిడ మంచిదంటుందా?” అని నవ్వేశాడు.

అంతటితో ఊరుకోలేదు. వారం తిరక్కుండా ప్రింటర్ తెచ్చి ముందుగదిలో పెట్టాడు. తెల్లగౌను వేసుకున్న ఒక పాప ఫొటో ల్యాబుది ఒకటి, ప్రింటర్ది ఒకటి బల్ల మీద పక్కపక్కన పెట్టి పెళ్ళాన్ని పిలిచాడు.

“ఏది ల్యాబుదో చెప్పు చూద్దాం.”

తర్హేలియా చాలాసేపు చూసింది. ఒకదాని మీద వేలు పెట్టింది. “ఇది. బుగ్గల రంగు చూడు, ఎంత నిజంగా ఉందో.”

లియోనిదాస్ చప్పట్లు కొట్టాడు. “అది మన ప్రింటర్ది!”

పక్కనే ఉన్న ఎల్వియా కూడా పకపకా నవ్వింది. “అమ్మయ్య, ఇంక నా గురువారాలు నావే. టోపీలల్లే సంఘంలో చేరిపోతాను వదినా.”

తన నోటితో తానే తలుపు గడియ వేసుకున్నట్టయింది తర్హేలియాకి.

తర్వాతి గురువారం ఎనిమిది గంటల బస్సు వీధి చివర హారన్ కొట్టినప్పుడు ఆమె అత్తగారి పక్కబట్టలు మారుస్తోంది. పదిన్నరకి ప్రింటర్ ముందు కూర్చుంది. ఏ కాగితం పెట్టామో ప్రింటర్‌కి చెప్పే చోట ఫొటో కాగితం అనే ఉంది. ఒక్క క్షణం ఆగి, దాన్ని మామూలు కాగితం అని మార్చింది. ముఖాలు మురికిగా, మచ్చలు మచ్చలుగా వచ్చాయి.

“చెప్పానా?” అంది మొగుడికి చూపించి. అబద్ధం తేలిగ్గా వచ్చేసింది. అందుకు ఆమెకే భయం వేసింది.

లియోనిదాస్ రెండురోజులు దానితో కుస్తీ పట్టాడు. ఇంకు మార్చాడు, అమ్మినవాడితో ఫోన్లో పోట్లాడాడు. అతను సరిచేసిందల్లా ఆమె మళ్ళీ మార్చేది. చివరికి “ఈసారికి నువ్వే క్వెన్కా వెళ్ళు,” అన్నాడు. ఎల్వియా సణుక్కుంటూ వచ్చింది. తర్హేలియా వెళ్ళింది. నది ఒడ్డున కూర్చుంది గానీ ప్రింటర్ ముందు తల పట్టుకుని కూర్చున్న మొగుడే కళ్ళముందు మెదిలాడు.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం తాపీమేస్త్రీ నోల్బెర్తో పరుగున వచ్చాడు. అతని తల్లి పోయింది. మూడింటికి చర్చిలో పూజ, ఆ తర్వాత సమాధి. శవపేటిక మీద పెట్టడానికి ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు.

“పోయిన క్రిస్మస్‌కి మీరు తీశారుగా లియోనిదాస్? ఎలాగోలా ఇప్పించండి. అమ్మ ముఖం లేకుండా ఎలా పంపను?”

లియోనిదాస్ దిక్కుతోచక పెళ్ళాం వైపు చూశాడు. “క్వెన్కా వెళ్ళి రావడానికే మూడు గంటలు. పైగా ఈవేళ ల్యాబు మూత. ఈ దరిద్రపు పెట్టె చూస్తే ఇలా ఏడ్చింది.”

తర్హేలియా కూర్చుని ఫొటో వెతికింది. ముసలావిడ కోడిపెట్టని చంకలో పెట్టుకుని నవ్వుతోంది. కాగితం పెట్టి, తను మార్చినదాన్ని తిరిగి ఫొటో కాగితం అని పెట్టి, నొక్కింది. ఫొటో మెల్లగా బయటికి వచ్చింది. ప్రతి ముడతా తేటగా ఉంది. నోల్బెర్తో దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని తల ఊపుతూ వెళ్ళిపోయాడు.

లియోనిదాస్ తలుపు మూశాడు.

“దీనికేమైందో నీకు ముందే తెలుసు.”

“తెలుసు. చేసిందే నేను.”

“ఎందుకు?”

“గురువారం కోసం.”

“క్వెన్కాలో ఎవరున్నారు నీకు?”

“ఎవరూ లేరు. అందుకే వెళ్తాను.”

అతనికి అర్థం కాలేదు. “నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?” అన్నాడు.

“చెబితే ఏమనేవాడివి? పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోమనేవాడివి.”

అతను సరిగ్గా అదే అనబోయాడు.

కర్టెన్ అవతల మంచం మీద రోసెండా అంతా విన్నది. సాయంత్రం కోడలు అన్నం తినిపిస్తుంటే చెంచా పట్టుకున్న చేతిని ఆపింది.

“నా కాలంలో ఇంటి వెనకాలే ఊట ఉండేది. నేను మాత్రం కొండ అవతలి ఊటకి వెళ్ళి నీళ్ళు తెచ్చేదాన్ని. ఆ నీళ్ళు తియ్యన అని మా అత్తకి చెప్పేదాన్ని.”

“నిజంగా తియ్యనేనా అత్తయ్యా?”

“ఏం తియ్యన? రెండూ ఒకటే నీళ్ళు.” ముసలామె కోడలి చెయ్యి వదిలింది. “నువ్వు పోతే నాకు భయమే. అబద్ధం ఎందుకాడాలి? ఎల్వియా నన్ను సరిగ్గా పక్కకి తిప్పలేదు. అయినా వెళ్ళు.”

గోడకి తగిలించే పెద్ద ఫొటోలు ఆ ప్రింటర్‌లో రావు గనక వాటిని క్వెన్కాకే పంపాలని తేలింది. నెలలో రెండు గురువారాలు తనే తల్లి దగ్గర ఉంటానని లియోనిదాస్ మాట ఇచ్చాడు. మొదటి గురువారం ఉన్నాడు కూడా. రెండోదానికి బాప్తిస్మం వచ్చింది. మూడోదానికి బడివాళ్ళు పిలిచారు. నాలుగోసారి పెద్ద ఫొటోలు కావాలని ఎవరూ అడగలేదు.

పొద్దున్న వేళ ప్రింటర్ ముందుగదిలో గుర్రుగుర్రుమంటూ ఉండేది. తర్హేలియా ఒక్కొక్క కాగితాన్నీ ఆరబెట్టి కవర్లో పెట్టేది. ఫొటోలు బాగున్నాయని ఊరంతా మెచ్చుకుంది. ఆ ఏడాదిలో ఆమె క్వెన్కా వెళ్ళింది నాలుగంటే నాలుగు సార్లు. ఏ నెల, ఏ తేదీ అని అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది.