ముప్పై ఒకటి తర్వాత ఒకటి

మా అడవిలో దారి ఒక్కటే. తొమ్మిది కిలోమీటర్లు చుట్టి మళ్ళీ బయల్దేరిన గేటు దగ్గరికే వస్తుంది. నడకకి వచ్చేవాళ్ళకీ అదే, లావు టైర్ల గేరు సైకిళ్ళవాళ్ళకీ అదే. వీళ్ళకీ వాళ్ళకీ ఉప్పూ నిప్పూ. సైకిళ్ళవాళ్ళు మీదికొచ్చేస్తున్నారని వీళ్ళు, దారికడ్డంగా కబుర్లు చెప్పుకుంటారని వాళ్ళు నా దగ్గరే మొత్తుకుంటారు. గేటు తాళం, పక్కనున్న రేకుల గది, దారిలో విరిగిపడే కొమ్మలు, బోర్డు, ఈ మొత్తుకోళ్ళు, అన్నీ కలిపి నా ఉద్యోగం.

తగువు తీర్చడానికి ఎప్పుడో ఒక పద్ధతి పెట్టారు. నడిచేవాళ్ళు ఒకవైపు బయల్దేరితే సైకిళ్ళు రెండోవైపు బయల్దేరాలి. అప్పుడు ఎవరూ ఎవరి వీపు వెనక నుంచీ రారు. ఎదురుపడతారు, చూసుకుని తప్పుకుంటారు. రోజూ ఒకేవైపు తొక్కితే దిగుడులో మట్టి కోసుకుపోతుంది కాబట్టి రోజు మార్చి రోజు వైపులు మారతాయి. బేసి తారీఖున సైకిళ్ళు ఎడమకి, నడక కుడికి. సరి తారీఖున తారుమారు. పొద్దున ఆరింటికి ఇనుప కడ్డీ మీదున్న మేకు లాగి, బాణాల బోర్డు అటుది ఇటు తిప్పి, మళ్ళీ మేకు దిగ్గొట్టాలి. అందుకే నన్ను అందరూ బాణం అక్క అంటారు. నా నోరు చూసి పెట్టిన పేరని మా తమ్ముడి వాదన.

ఏడేళ్ళుగా తిప్పుతున్నాను. చెయ్యే తిప్పేస్తుంది, తలతో పని లేదు. చిక్కల్లా ముప్పై ఒకటో తారీఖుతో. దాని తర్వాత వచ్చేది ఒకటి. రెండూ బేసి. ఆ ఒక్క పొద్దున బోర్డు ముట్టుకోకూడదు. ఏడాదికి ఏడుసార్లు వస్తుందీ తిరకాసు, లీపు సంవత్సరమైతే ఇంకోటి. నా బుర్ర సంగతి నాకు తెలుసు కాబట్టి ముప్పై ఒకటో తారీఖు సాయంత్రం మేకుకి ఎర్రగుడ్డ కట్టి ఇంటికెళ్తాను. పొద్దున గుడ్డ కనిపిస్తే చెయ్యి ఆగుతుంది.

ఆ ముప్పై ఒకటిన గుడ్డ కట్టలేదు. తమ్ముడి సైకిల్ బ్రేకు బాగుచేస్తూ కూర్చున్నాను. వాడు లేతు మిషను మీద పని చేస్తాడు, మిగిలిన ప్రాణమంతా సైకిల్ మీదే. పదిహేను రోజుల్లో పోటీ ఉంది. బ్రేకు వైరు బిగించి, చేతులు తుడుచుకుని, ఆ తుడుచుకున్న ఎర్రగుడ్డ బల్ల మీదే పడేసి ఇంటికెళ్ళిపోయాను.

ఒకటో తారీఖు పొద్దున ఆరింటికి నాన్నా నేనూ గేటు దగ్గరికి వచ్చాం. మా నాన్న ముప్పై ఏళ్ళు బాయిలర్లు చేసే కార్ఖానాలో రేకుల మీద సుత్తి కొట్టాడు. చెవులు రెండూ అక్కడే పోయాయి. చెవులు పోయాయి కానీ నోరు పోలేదు. పాలు పొంగుతున్నాయని, గడియారం రెండు నిమిషాలు వెనకుందని, నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని, పొద్దున లేచింది మొదలు చెబుతూనే ఉంటాడు, అదీ వీధంతా వినపడేలా. ఆయన చెప్పేవి చాలావరకు నిజాలే కావడం నాకు ఇంకా ఒళ్ళుమంట. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి, పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. కోపమొస్తే నేను మొహం తిప్పేసుకుంటాను. ఆయనకి అంతకంటే పెద్ద శిక్ష లేదని నాకు తెలుసు.

ఆ పొద్దున నేను మేకు లాగి బోర్డు తిప్పుతుంటే వెనక నిలబడి ఏదో అన్నాడు. ఇనుము కిర్రుమంటోంది, సరిగ్గా వినలేదు. వినాలని కూడా అనుకోలేదు. "నా పని నాకు తెలుసు నాన్నా, నువ్వు బయల్దేరు," అని వెనక్కి తిరక్కుండానే చెయ్యి విసిరాను. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతికర్ర టకటకమనిపించుకుంటూ బోర్డు చూపించిన వైపు, ఎడమకి, వెళ్ళిపోయాడు.

ఏడింటికి తమ్ముడు వచ్చాడు. ఎప్పటిలాగే ఫోను నా సొరుగులో పడేశాడు, తొక్కేటప్పుడు జేబులో బరువు ఉండకూడదట. పాతవాళ్ళెవరూ బోర్డు చూడరు, తారీఖు చూసుకుని వెళ్తారు. వాడు ఒకటో తారీఖు కాబట్టి ఎడమకి తొక్కాడు. నేను గదిలోంచి చూస్తూనే ఉన్నాను. చూసి, బ్రేకు బాగానే పట్టినట్టుందని సంతోషించాను.

ఏడుంపావు దాటాక గోడమీది క్యాలెండరు కాగితం చింపాను. చేతిలోకి వచ్చింది ముప్పై ఒకటి. కింద ఒకటి కనిపించింది. ఒక్క క్షణం ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాను. నాన్నా ఎడమకే వెళ్ళాడు, తమ్ముడూ ఎడమకే వెళ్ళాడు.

ఎడమకి వెళ్తే మొదటి నాలుగు కిలోమీటర్లూ ఎక్కుడు. తర్వాత దిగుడు. ఒక పక్క మట్టిగోడ, ఇంకో పక్క రాళ్ళ లోయ, మధ్యలో రెండడుగుల దారి. మా తమ్ముడు గాల్లో తేలినట్టు వచ్చేది అక్కడే. నాన్న నడక లెక్కేస్తే ఈపాటికి సరిగ్గా అక్కడే ఉండాలి, వీపు సైకిల్ వైపు పెట్టుకుని. ఇంకెవరైనా అయితే గంట విని తప్పుకుంటారు. నాన్నకి గంట లేదు, కేక లేదు, వెనక ప్రపంచమే లేదు. ఇన్నేళ్ళూ ఆయన ఈ దారిలో క్షేమంగా నడిచాడంటే ఎదురొచ్చేదాన్ని కళ్ళతో చూడగలడు కాబట్టే. ఆ ఒక్క ఆధారాన్ని నేను పొద్దున్నే తిప్పేశాను.

బుర్ర పనిచెయ్యలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. నా సొరుగులోనే మోగింది. అప్పుడే నడకకి వచ్చిన కొత్త జంట ఒకటి గేటు దగ్గర నిలబడి ఉంది. బోర్డు మళ్ళీ యథాస్థానానికి తిప్పి, గేటుకి గొలుసు వేసి, నేను వచ్చేదాకా ఒక్కరిని కూడా లోపలికి పోనివ్వద్దని ఆ జంటకి చెప్పాను. చెప్పానో, అరిచానో గుర్తులేదు. గది పక్కన ఉంచే అద్దె సైకిళ్ళలో చేతికందింది లాక్కుని కుడివైపు తొక్కాను. ఎడమకి వెళ్తే తమ్ముడిని ఈ జన్మలో అందుకోలేను. కుడివైపు నుంచి వెళ్తే నాన్నకి ఎదురు వెళ్తాను. నన్ను చూస్తాడు. చూస్తే ఆగుతాడు. పక్కకి లాగెయ్యచ్చు.

నాకు సైకిళ్ళు బాగుచెయ్యడం వచ్చు కానీ కొండెక్కించడం రాదు. మొదటి రెండు కిలోమీటర్లు చదును. ఆ తర్వాత వేర్ల మీద చక్రం ఎగిరెగిరి పడింది. తొక్కుతూ తిట్టుకున్నాను. గుడ్డని, బ్రేకుని, క్యాలెండరు కనిపెట్టినవాణ్ణి, అన్నిటికంటే నా పొగరుని. ప్రతి మలుపుకీ ఆ మలుపు వెనక ఏం చూడబోతానో ముందే కనపడుతోంది. నేల మీద చేతికర్ర, తెల్లచొక్కా. దేవుడా, ఈ ఒక్కసారికి నాన్నని వదిలెయ్, ఇంకెప్పుడూ మొహం తిప్పుకోను అని పైకే అన్నాను. మామూలు రోజుల్లో నేను దేవుడి జోలికి పోను, ఆయన నా జోలికి రాడు.

ఆ దిగుడు అడుగుకి చేరాక ఇక పైకి తొక్కలేక సైకిల్ పడేసి పరుగెత్తాను. రెండో మలుపు తిరిగేసరికి నాన్న ఎదురొస్తున్నాడు. తెల్లచొక్కా, చేతికర్ర, నోట్లో ఏదో కూనిరాగం. నన్ను చూసి కర్ర పైకెత్తాడు.

వెళ్ళి ఆయన మీద పడ్డాను. చొక్కా పట్టుకుని మట్టిగోడ వైపు లాగేశాను. ఆయన భుజాలు, చేతులు, తల తడిమాను. ఎక్కడా గీత కూడా లేదు. "ఏమైందే? ఆయాసం చూడు, కూర్చో ముందు," అని ఆయన అడవంతా వినపడేలా అంటుంటే, ఆ గొంతు మీద నాకున్న కోపమంతా ఏమైపోయిందో తెలీదు. ఏడుస్తూ నవ్వాను. బతికిపోయాననుకున్నాను.

అప్పుడు తట్టింది. ఆయన ముందు నిలబడి, పెదవులు స్పష్టంగా కదుపుతూ అడిగాను.

"తమ్ముడు నిన్ను దాటి వెళ్ళాడా?"

"వాడెందుకు దాటతాడు? వాడు ఎదురు రావాలి కదా. నువ్వే వచ్చావు, వాడు రాలేదు."

నన్ను దాటి కిందికి ఎవరూ రాలేదు. నాన్నని దాటలేదు. ఏడింటికి బయల్దేరినవాడు ఇంత పైన, ఇంతసేపు ఏం చేస్తున్నాడు? నా మొహంలో ఏం కనిపించిందో గానీ నాన్న నవ్వు ఆగిపోయింది. నన్ను వివరం అడగలేదు. వెనక్కి తిరిగి, తను దిగొచ్చిన దారినే పైకి ఎక్కడం మొదలుపెట్టాడు, ఆ వయసులో అంత వేగంగా ఎలా ఎక్కాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

దారి ఇరుకు. ఆయన ముందు, నేను వెనక. ఎక్కుతూనే, నావైపు తిరక్కుండా మాట్లాడాడు.

"పొద్దున చెప్పాను కదమ్మా, ఇవాళ ఒకటో తారీఖు, తిప్పకూడదేమో అని. నువ్వు చెయ్యి విసిరావు. సరే, ఈమధ్య నాకూ అన్నీ తప్పుగానే గుర్తుంటున్నాయి కదా, రోజూ నువ్వు అంటూనే ఉన్నావు. ఇది కూడా నేనే తప్పేమో అనుకున్నాను. నువ్వు తిప్పిన బోర్డు కదా, అటే నడిచాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, అదే కదా నాకు వచ్చిన విద్య. "తప్పు నాదే నాన్నా, నీది కాదు, నువ్వు చెప్పిందే నిజం," అన్నాను ఆయన వీపుతో. మళ్ళీ అన్నాను. మలుపు మలుపుకీ గట్టిగా అంటూనే ఎక్కాను. ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. వినపడదని తెలిసే అంటున్నాను. ముందుకెళ్ళి మొహంలో మొహం పెట్టి చెప్పాలంటే ఆయన్ని ఆపాలి, ఆపే సమయం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడో మలుపు దగ్గర మట్టిలో సైకిల్ చక్రం కోసుకుపోయిన గీత కనిపించింది. దారి మధ్యలోంచి ఒక్కసారిగా లోయ వైపు తిరిగింది. ఆ గీత పక్కనే, పచ్చిమట్టిలో, నాన్న చేతికర్ర గుచ్చిన గుంటలు వరసగా కిందికి దిగి వెళ్ళాయి. ఇక్కడ కొడుకు పడుతుంటే అక్కడ తండ్రి కూనిరాగం తీస్తూ నడిచి వెళ్ళిపోయాడు.

రెండు నిలువుల కింద, రాళ్ళలో, తమ్ముడు ఉన్నాడు. బతికే ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నాన్న చేతికర్ర పారేసి, కూర్చుని జారుకుంటూ దిగాడు. నేను పక్కనున్న పెద్దబండ ఎక్కి, సిగ్నల్ దొరికాక, స్ట్రెచర్ మోసేవాళ్ళకి ఫోన్ చేసి చోటు చెప్పాను. గంటపైనే పడుతుందన్నారు. కిందికి దిగేసరికి నాన్న వాడి తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

తమ్ముడు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మలుపు తిరగగానే వీపు కనిపించిందట. ఎవరో అనుకుని గంట కొట్టాడట, కేక వేశాడట. ఆ నడక నాన్నదని గుర్తుపట్టేసరికి నాలుగు గజాలే ఉందట. మట్టిగోడ వైపు తిప్పితే నాన్న కాళ్ళకి తగులుతుంది. అందుకని ఇటు తిప్పేశాడు. పడ్డాక కూడా చాలాసేపు పిలిచానన్నాడు. ఇదంతా నాకు చెబుతున్నాడు. నాన్న వాడి తల వెనక కూర్చున్నాడు కాబట్టి వాడి పెదవులు ఆయనకి కనపడవు.

"బ్రేకు మాత్రం బాగా పట్టిందక్కా," అన్నాడు. నా వల్ల కాలేదు, మొహం పక్కకి తిప్పుకున్నాను.

వాడు నా చెయ్యి పట్టుకుని లాగాడు. "నువ్వు దారంతా అరుచుకుంటూ వచ్చావే, నాకు వినపడింది. నాకెందుకే అది. ఆయన ముందుకెళ్ళి చెప్పు."

రాళ్ళ మీద మోకాళ్ళతో చుట్టూ తిరిగి నాన్నకి ఎదురుగా వెళ్ళాను. ఆయన కళ్ళు నా పెదవుల మీదికి వచ్చి ఆగాయి. దారంతా అన్నిసార్లు అన్న మాట అక్కడ రావడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు చెప్పిందే నిజం నాన్నా. నేనే తప్పు తిప్పాను."

ఆయన తల ఊపాడు. నా మొహాన్ని, వాడి కాలుని, పైనున్న దారిని చూశాడు. ఏదంటే అది పడదామని మొహం తిప్పకుండా కూర్చున్నాను.

"ఇప్పుడు సరిగ్గా తిప్పి వచ్చావా?" అన్నాడు.

"తిప్పాను."

"అయితే రేపు రెండో తారీఖు. రేపు మళ్ళీ తిప్పాలి," అన్నాడు, ఎప్పటిలాగే లోయంతా వినపడేలా. "మర్చిపోకు."

"సరే నాన్నా," అన్నాను ఆయన్నే చూస్తూ.