అందరూ నేర్చుకున్న చెయ్యి

సాయంత్రం వార్డు డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సింగు విద్యార్థినులు హాస్టల్లో ఇస్త్రీ బల్ల చుట్టూ మూగారు. బల్ల మీద ఒకామె చెయ్యి చాచి పడుకుని ఉంది. ఒకమ్మాయి ఆమె మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిస్తోంది, ఇంకొకమ్మాయి వేలితో నొక్కుతూ నరం వెతుకుతోంది, మిగిలినవాళ్ళు తమ వంతు కోసం ఒకరినొకరు తోసుకుంటున్నారు. నవ్వులూ కేకలూ గదంతా నిండిపోయాయి. ఎవరు చూసినా ముచ్చటపడే దృశ్యం. మూలన స్టూలు మీద కూర్చున్న పరిశోధకురాలు కూడా ముచ్చటే పడింది.

"నొప్పెడితే చెప్పు పెద్దక్కా."

"చెప్పడమెందుకే, అరుస్తాను. అరవలేదంటే నువ్వు పాసైనట్టే."

పెద్దక్క పెళ్ళయి, బిడ్డ పుట్టాక చదువుకొచ్చిన మనిషి. కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఉద్యోగం దొరికిన మర్నాడే తెచ్చుకుంటానని మాటిచ్చింది. ఆమె చేతి నరాలు పైకి తేలి చక్కగా కనిపిస్తాయి. పైగా సూదికి జడవదు. మిగిలిన పిల్లలకి ఒకరి చేత ఒకరు సూది పెట్టించుకోవాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకని అందరికీ ఆమె చెయ్యే దిక్కయింది.

విద్యార్థులు ఒకరికొకరు ఎలా ఆసరా అవుతారో తెలుసుకోవడానికి వచ్చింది పరిశోధకురాలు. ఆమె నమ్ముకున్నది కార్యాచరణ సిద్ధాంతం. పేరు విని బెదరక్కర్లేదు. మనిషిని ఒంటరిగా చూస్తే పని అర్థం కాదంటుంది ఆ సిద్ధాంతం. చేసేది ఎవరు, దేనికోసం, ఏ పనిముట్టుతో, ఏ నియమాలకు లోబడి, ఎవరి మధ్య, ఎలా పంచుకుని చేస్తున్నారో అన్నీ కలిపి చూడమంటుంది. దాన్నంతా ఒక త్రికోణంలో గీస్తారు. రోజూ ఆ బొమ్మే గీసుకుంటూ కూర్చునేసరికి పిల్లలు ఆమెకి త్రికోణం మేడం అని పేరు పెట్టేశారు.

ఆ రోజు త్రికోణం గీస్తూ ఒకచోట ఆమె చిక్కుకుపోయింది. చేసేది విద్యార్థినులు. లక్ష్యం నేర్చుకోవడం. మరి పెద్దక్క ఎక్కడ? ఆమె సూది పట్టుకున్న సాయంత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. కాసేపు తటపటాయించి, రబ్బరు పట్టీ, సూది అని రాసిన చోటే "పెద్దక్క చెయ్యి" అని కూడా రాసింది. పనిముట్లు రాసే చోటు అది.

"నీ వంతు ఎప్పుడమ్మా?" అని అడిగింది.

"వీళ్ళందరిదీ అయ్యాక మేడం. నాకేం భయం, ట్యూటరమ్మ ఉందిగా!"

ట్యూటరమ్మ అంటే ల్యాబులో సాధన చేయించే టీచరు. పెద్దక్క కిందటిసారి నరానికి సూది పెట్టే ఈ ప్రాక్టికల్ పరీక్షలోనే తప్పింది. రెండోసారి తప్పితే సీటు పోతుంది, అది కాలేజీ నియమం. అందుకే ట్యూటరమ్మ క్లాసులయ్యాక కూడా ఆగి, ల్యాబులోని రబ్బరు చేతి మీద ఆమెతో విడిగా సాధన చేయించేది.

నివేదిక తయారైంది. మొదటి పేజీల్లో పరిశోధకురాలు పిల్లల సహకారాన్ని ఆకాశానికెత్తేసింది. ఆ సిద్ధాంతం ఇంకో మాట కూడా చెబుతుంది: ఏర్పాటులో బరువు ఎవరి నెత్తిన పడుతోందో చూడమని. ఆమె చూడకపోలేదు. చివరి అధ్యాయంలో "కొందరు సభ్యుల సాధన విషయమై మరింత అధ్యయనం అవసరం" అని రాసింది. పెద్దక్క నలిగిపోతోందని తెలిసిన మనిషి, ఎవరికీ గుచ్చుకోకుండా రాసిన వాక్యమది.

ప్రిన్సిపాల్ మొదటి పేజీలే చదివాడు.

"మీ పుణ్యమా అని మంచి సంగతి బయటపడింది మేడం. మా పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఇంక ల్యాబుకి ట్యూటర్ ఎందుకు చెప్పండి?"

"నా ఉద్దేశం అది కాదండీ..."

"ఏర్పాటు సాఫీగా నడుస్తోందని మీరే రాశారుగా!"

రాసింది నిజమే. ఇంకో మాట అంటే మళ్ళీ వచ్చి చూసే అనుమతి పోతుందేమోనని ఆమె నోరు మూసుకుంది. ట్యూటరమ్మని పంపేశారు. ల్యాబుకి తాళం పడింది, రబ్బరు చెయ్యి లోపలే ఉండిపోయింది. టైంటేబుల్లో సాయంత్రం గంటకి "పరస్పర సహకారం" అని అందమైన పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు.

పరిశోధకురాలు మళ్ళీ వచ్చేసరికి ఇస్త్రీ గది కిక్కిరిసి ఉంది. జూనియర్లని కూడా అక్కడికే తోలారు. నవ్వులు లేవు. గంట కొట్టేలోగా తమ వంతు రాదేమోనన్న ఆత్రమే అందరి ముఖాల్లోనూ. పెద్దక్క మోచెయ్యి కమిలి నల్లబడింది.

"ఆ చేతికి ఇవాళ సెలవు. ఇది తీసుకోండి," అంటూ ఆమె రెండో చెయ్యి చాపింది.

"మరి నీ సాధనో?" అంది పరిశోధకురాలు.

"నాకూ ఒకరు చెయ్యి ఇవ్వాలిగా మేడం. వాళ్ళ తప్పు కాదులెండి. భయం."

"రేపు నాది తీసుకో పెద్దక్కా, ఒట్టు!" అంది ఒకమ్మాయి. ఆ మర్నాడు ఆ అమ్మాయికి వార్డులో రాత్రి డ్యూటీ పడింది.

పరిశోధకురాలికీ రెండు చేతులున్నాయి. ఒక చెయ్యి ఆ బల్ల మీద పెడితే సరిపోయేది. కానీ పరిశీలకులు చూడాలే తప్ప వేలు పెట్టకూడదని ఆమె చదువు నేర్పింది. చూస్తూ కూర్చుంది.

పరీక్షలో పెద్దక్క చేతి మీద నేర్చుకున్నవాళ్ళంతా గట్టెక్కారు. పెద్దక్క రోగి చెయ్యి పట్టుకుని వేలితో నొక్కి చూసింది. నరం దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించింది, రోగి కెవ్వుమన్నాడు. పరీక్షకుడు సూది తీసేసుకున్నాడు.

సీటు పోయి పెద్దక్క పెట్టె సర్దుకుంటుంటే పిల్లలందరూ ఆమె చుట్టూ చేరి ఏడ్చారు.

"మా అందరికీ నేర్పావు కదే పెద్దక్కా!"

"నేనేం నేర్పలేదే, పడుకున్నానంతే," అంది పెద్దక్క. ఆ తర్వాత గుమ్మంలో నిలబడ్డ పరిశోధకురాలి వైపు తిరిగింది. "అమ్మ వచ్చేస్తోందని ఇంట్లో నా కూతురికి చెప్పి ఉంచారు మేడం. ఉద్యోగం వచ్చిందనుకుంటుంది." పరిశోధకురాలు పక్కకి జరిగి గుమ్మం వదిలింది.

కొత్త విద్యార్థినుల స్వాగత సభకి ప్రిన్సిపాల్ పరిశోధకురాలినే ముఖ్య అతిథిగా పిలిచాడు. ఈసారి ఆమె మెత్తగా మాట్లాడలేదు.

"పిల్లలు ఒకరికొకరు ఆసరా అవడం గొప్ప సంగతే. కానీ కాలేజీ నేర్పాల్సిన చదువుకి అది బదులు కాదు. బదులుగా పెట్టినచోట అందరికంటే మంచి మనిషే మొదట మునిగిపోతుంది. ఇక్కడ ఒకామె అలాగే మునిగిపోయింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ట్యూటర్ని వెనక్కి పిలవండి. ఆ ల్యాబు తలుపు తెరవండి."

చప్పట్లు మోగాయి. ప్రిన్సిపాల్ అందరికంటే ముందు కొట్టాడు.

"పరస్పర సహకారం ఎంత గొప్పదో మేడం కళ్ళకి కట్టినట్టు చెప్పారు. అదే స్ఫూర్తితో ఇవాళ సాయంత్రం నుంచే సాధన మొదలుపెడదాం. ముందుగా బల్ల మీద పడుకుని తన చెయ్యి ఇచ్చేదెవరు?"

సభలో గుసగుసలు. పిల్లలు తలలు దించుకున్నారు. ముందు వరసలో మెత్తని ముఖమున్న ఒకమ్మాయి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేవకపోవడంతో తనే లేచి నిలబడింది.

"నేను పడుకుంటాను సార్."

హాలంతా ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టింది.