ఐదో నంబరు జోడు

జనగామ రైల్వే స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో చాంద్‌పాషా బూట్ల దుకాణం ఉదయం తొమ్మిదింటికి తెరుచుకొనేది. షట్టరు ఎత్తడం, గడప ముందు నీళ్లు చల్లడం, పక్క హోటలు నుంచి వచ్చిన చాయ్ సగం తాగి సగం మరచిపోవడం, ఆ తర్వాత జనం వదిలి వెళ్లిన చెప్పులను ఒక్కొక్కటిగా చెవికి ఆనించుకొని వినడం. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ క్రమం మారలేదు. ముందు నడవబోయే దారిని చెప్పుల అడుగుతోలు ఆయనకు వినిపించేది.

నర్మెట్ట రైతు ఒకడు పట్నంలో పని దొరుకుతుందా అని అడిగితే, "బస్సు దిగి మూడు దినాలు తిరుగుతవు. నాలుగో దినం మెట్లెక్కుడు ఇనవడ్తుంది. దొరుకుతది, పో" అనేవాడు. అట్లాగే జరిగేది. సైకిలు చక్రానికి గాలి పట్టించుకొన్నట్టు జనం వచ్చి, వినిపించుకొని, తమ పనికి తాము వెళ్లేవారు.

రెండువేల పదకొండు జులైలో ఆయన కూతురు నిఖత్‌కు విశ్వవిద్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వచ్చే ఫిబ్రవరి నుంచి ఆరు నెలలు స్పెయిన్ దేశంలోని వలెన్సియా నగరంలో చదివే అవకాశం. ఉన్నది ఒక్కటే సీటు. జాబితాలో మొదటి పేరు నిఖత్‌ది, రెండో పేరు ఆమెతో చదివే రిషితది. అన్ని పత్రాలూ అక్టోబరు పదో తేదీకి అక్కడికి చేరాలి.

చాంద్‌పాషా తానే తోలు కోసి, ఐదో నంబరు కొలతకు గోధుమరంగు బూట్లు కుట్టాడు. కుట్టు పూర్తయిన ఉదయం కుడికాలి బూటును చెవికి ఆనించి చాలాసేపు కదలలేదు. ఆ తర్వాత కూతుర్ని పిలిచి పుస్తకం తెచ్చుకొమ్మన్నాడు.

"రాస్కో బిడ్డా. ఈడ ఒక్క తాన రెండు గంటలు నిలవడ్డవు. ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి. గది సర్కారు ఆఫీసే, ఇంకేంది. పోంగనే ఆడ ఉండనీకి కార్డు చేయించుకునేది ఉంటది. ముందుగాల తారీఖు తీసుకోకుంట పోకు."

"రాసిన అబ్బా."

"మూడు ఇండ్ల మెట్లెక్కి ఎనుకకు దిగినవు. నాలుగో ఇంట్ల ఆగినవు. అంటే కండ్లతోని చూడకుంట అద్దెకు ఒప్పుకోవద్దు. రెండో అంతస్తు అంటరు గని నాలుగంతస్తుల మెట్లున్నయి. పెట్టె బరువు తగ్గియ్యి."

"తర్వాత?"

"ఎండల దుకాణం దాక పోయి ఉత్తగ మళ్లినవు. పొద్దు వాలినంక మళ్ల పోయినవు. మధ్యాహ్నం రెండింటికి మూసి ఐదింటికి తీస్తరు గావచ్చు. ఐతారమైతే అసలే తీయరు. బియ్యం శనివారమే తెచ్చుకో."

వంటింట్లో నుంచి తల్లి హసీనా అందుకొన్నది. "మధ్యాహ్నం దుకాణం మూసి పండుకుంటరా? మీ అబ్బాకు గా ఊరే సరిపోతుండె. జర అడుగు, ఆడ బూట్లు కుట్టెటోనికి జాగ దొరుకుతదేమో."

"నీకు గూడ దొరుకుతది. ఆడ రాత్రి పదింటికి తింటరు. నువ్వు వండేసరికి అంతే అయితది," అన్నాడు చాంద్‌పాషా, బూటు చెవి నుంచి తీయకుండానే.

ఇంటి లోపలి చలి బయటి చలి కంటె ఎక్కువగా ఉంటుందని, నేల బండ కనుక మేజోళ్లు తీసుకుపోవాలని చెప్పాడు. రోడ్డు మీద రాలిన నారింజ పండ్లను తొక్కుతూ పోయి ఒక్కటీ ఏరుకోలేదు కనుక అవి చేదువే అయి ఉంటాయన్నాడు. ఒకచోట బూటు పొడుగైన వంతెన దాటింది గానీ కింద నీళ్ల చప్పుడు లేదు. ఆకుల చప్పుడు ఉన్నది. నిఖత్ ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లి చూసింది. ఆ నగరంవాళ్లు నదిని ఊరి పక్కకు మళ్లించి, పాత నదిలో తోట పెంచుకొన్నారు. ఆమె పుస్తకంలో ముప్పై ఒక్క సూచనలు చేరాయి.

మిగిలింది ఒకే ఒక కాగితం. నిఖత్ ఆసుపత్రిలో కాక ఇంట్లోనే పుట్టింది కనుక జనన పత్రం మండల కార్యాలయం నుంచి తెచ్చుకోవలసి ఉంది. అక్కడ గుమాస్తాగా పనిచేసే ఉప్పలయ్య వారి గల్లీలోనే ఉండేవాడు. సెప్టెంబరు రెండో వారంలో, ఒక శనివారం నాడు, ఆయన దుకాణం ముందు స్కూటరు ఆపాడు.

"చాంద్ భాయి, సోమవారం పొద్దుగాల్నే దరఖాస్తు పట్టుకొని రా. మంగళారం నుంచి సకల జనుల సమ్మె. తాళం పడ్డదంటే ఎప్పుడు తీస్తరో నాకే తెల్వదు."

"పరేషాన్ గాకు ఉప్పలన్నా. బూట్లు ఇప్పటికే వలెన్సియాల తిరుగుతున్నయి. నీ ముద్ర ఏడికి పోతది?"

"నీ చెవికి తెలిసింది గని నా ఆఫీసుకు తెల్వది గదా."

సోమవారం మహబూబాబాద్ నుంచి పెండ్లివారు తొమ్మిది జతలు వినిపించుకొనేందుకు వచ్చారు. చాంద్‌పాషా లేవలేదు. "మీ చెవికి చెప్పింది సాలు, జర కాళ్లకు గూడ పని చెప్పుండ్రి," అని హసీనా రెండుసార్లు గుర్తుచేసింది. నిఖత్ గుర్తుచేయలేదు. తండ్రి చెవి తప్పడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మంగళవారం కార్యాలయాలకు తాళాలు పడ్డాయి. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, తర్వాత రైళ్లు ఆగాయి. చాంద్‌పాషా కూడా అందరితోపాటు షట్టరు దించాడు. చౌరస్తాలో వేసిన సమ్మె గుడారంలో నిఖత్ రోజూ పొద్దంతా కూర్చొనేది. రాష్ట్రం వస్తుందని ఆమె నమ్మింది, బూట్లు చెప్పిన దారినీ నమ్మింది. ఈ రెండు నమ్మకాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయని ఆమెకు తోచలేదు.

అక్టోబరు ఆరున చాంద్‌పాషా ఆ గుడారానికి వెళ్లి ఉప్పలయ్యను పక్కకు పిలిచాడు.

"నాలుగు దినాలే ఉన్నయి అన్నా. ఒక్క ముద్ర. ఎవ్వలకు తెల్వదు."

ఉప్పలయ్య జేబులో చేయి పెట్టి తాళంచెవి చప్పుడు చేశాడు. "ఇగో, నా తాననే ఉంది. తీస్తే తీయొచ్చు. మొన్న లచ్చవ్వ పింఛను కాగితం కోసం నా కాళ్లు పట్టుకున్నది. తీయలే. ఇయ్యాల నీకు తీస్తే, రేపు ఆమె మొఖం ఎట్ల చూడాలె? అటు జూడు భాయి, ప్లకార్డు పట్టుకొని ముందల కూసున్నది ఎవరో."

ముందు వరుసలో కూర్చున్నది నిఖత్. తండ్రి ఎందుకు వచ్చాడో ఆమెకు అర్థమైంది. తల దించుకొన్నది గానీ ప్లకార్డు దించలేదు.

స్పెయిన్‌వాళ్ల క్యాలెండరుకు ఇక్కడి సమ్మెతో సంబంధం లేదు. పదో తేదీ వచ్చింది, పోయింది. సమ్మె నలభై రెండు రోజులు సాగి, అడిగినది రాకుండానే ముగిసింది. నవంబరు మొదటి వారంలో ఉప్పలయ్య జనన పత్రాన్ని స్వయంగా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. ముద్ర స్పష్టంగా పడింది. హసీనా దానిని పెట్టె అడుగున, బట్టల కింద పెట్టింది. ఉప్పలయ్య చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

సీటు రిషితకు వెళ్లింది. ఆమె కాగితాలు ఆగస్టులోనే సిద్ధమై ఉన్నాయి. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి దుకాణానికి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"ఏ ముఖం పెట్టుకొని వచ్చిననో నాకే తెల్వదు నిఖత్. బాపు పొమ్మంటున్నడు. నాకేమో భయమైతుంది. ఆడ ఎవ్వలు లేరు, భాష రాదు. పోనని రాసియ్యాలనుకుంటున్న."

నిఖత్ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. దాని మీద బూట్లు కూడా ఉన్నాయి.

"గవి నీ కాలుకు కుట్టినయి," అన్నాడు చాంద్‌పాషా.

"ఐదో నంబరు అబ్బా. ఆమెది గూడ ఐదే."

రిషిత బూట్లు వేసుకొని నాలుగు అడుగులు నడిచింది. చాంద్‌పాషా వాటిని విప్పించి చెవికి ఆనించుకొన్నాడు. అదే వరుస, అవే నాలుగంతస్తుల మెట్లు, నీళ్లు లేని అదే వంతెన. ఒక్క అడుగు కూడా మారలేదు. ఈ ప్రాంతంలో జనం చెప్పులను అరిగి తెగేదాకా తామే తొడుగుతారు గానీ ఒకరి జత మరొకరికి ఇవ్వరు. అందువల్ల ఇన్నేళ్లలో ఎవరికీ, ఆయనకు కూడా, తెలియకుండా పోయింది. ఆయన విన్నది బూట్ల దారి. మనిషి దారి అని పేరు పెట్టింది ఆయనే.

ఆయన కుడిచేయి తోలు కోసే కత్తి మీదికి పోయింది. అడుగుతోలు మీద అడ్డంగా ఒక్క కోత పడితే ఆ దారిలో ఇక ఎవరూ నడవరు. నిఖత్ ఆ చేతిని చూసింది.

"కొత్త లేసులు తియ్యి అబ్బా," అన్నది. "వీటి పొడుగు సాలదు."

ఆయన కత్తి వదిలి లేసుల డబ్బా తెరిచాడు. రిషిత ఇంటికి వెళ్లి, పోనని ఉత్తరం రాయలేదు. జనవరి చివర విమానం ఎక్కింది.

నిఖత్ తన చదువు పూర్తిచేసి ఇంటికి వచ్చింది. ఉద్యోగాల ప్రకటనలు రాలేదు. ఆమె రోజూ తొడిగే చెప్పులను చాంద్‌పాషా ఎన్నడూ వినలేదు. ఒక ఉదయం విన్నాడు. ఇల్లు, నల్లా, దుకాణం, ఇల్లు. మధ్యలో ఎవరిదో పెండ్లి. మళ్లీ ఇల్లు, నల్లా, దుకాణం. తోలు అరిగి చిరిగేదాకా అంతే.

మరుసటి మూడు రోజులు ఆయన షట్టరు సగం దించి, బాగుకు ఇచ్చి తిరిగి తీసుకుపోని ఐదో నంబరు జతలన్నింటినీ విన్నాడు. కొన్ని పత్తి చేనుకు పోయి వచ్చేవి, కొన్ని దవాఖానకు పోయి రాకుండా ఆగిపోయేవి. లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన ఒక జత ఊరి పొలిమేర కూడా దాటలేదు. అన్నింటిలోకి దూరం పోయింది ఒక్క నల్ల జత. అది హనుమకొండ దాటి, భూపాలపల్లిలో బస్సు దిగి, బొగ్గు దుమ్ములో కొంత నడిచి, మూడు మెట్లెక్కి, పిల్లల గోలలో పొద్దంతా నిలబడింది. దాని మీద సుద్దపొడి రాలుతున్న చప్పుడు కూడా ఉన్నది. అంతకంటె దూరం పోయే జత ఆ దుకాణంలో లేదు. మూడేళ్ల కింద దానిని వదిలి వెళ్లిన ఆడపిల్ల ఇప్పుడు ఏ దారిన నడుస్తున్నదో అనే ప్రశ్నను ఆయన తనలో పూర్తిగా వేసుకోలేదు.

ఆయన దానికి కొత్త పట్టీ కుట్టి, తెల్లవారి ఇంటి గడప ముందు పెట్టాడు. నిఖత్ పాత చెప్పులను తీసి దాచాడు.

నిఖత్ బయటికి వచ్చి కిందికి చూసింది. ఆ తర్వాత తండ్రి వైపు చూసింది. ఆయన వాకిట్లో నీళ్లు చల్లుతున్నాడు.

"ఇవి ఏడి దాక పోతయి అబ్బా?"

"భూపాలపల్లి దాక."

ఆమె కాళ్లకు తొడిగి, వంగి, పట్టీ బిగించుకొన్నది. రెండు అడుగులు వేసింది.

"బిగుతుగున్నయి."

"నడుస్తుంటే సాగుతయి," అన్నాడు చాంద్‌పాషా. అంత పాత తోలు ఇక సాగదని ఆయనకు తెలుసు.