కిలో రాళ్ళు రెండు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మొదటి లారీ కాటా ఎక్కింది. ఖాళీ బండి. ఏడు వేల మూడు వందల నలభై కిలోలు. అతను చీటీ చింపి కిటికీలోంచి డ్రైవరుకిచ్చాడు. తర్వాత తన సంచిలోంచి రెండు కిలో రాళ్ళు తీసి, గుడ్డతో తుడిచి, అలమరలో వాటి చోట పెట్టాడు. పన్నెండు రోజులుగా ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అడగలేదు.

గది ఎనిమిదడుగుల పొడవు. ఒక కుర్చీ, అంకెలు కనిపించే తెర, చీటీల మిషను. మూలన చిల్లర తుక్కు తూచే చిన్న కాటా. పొద్దున్నే ఆ రాళ్ళు పెట్టి చిన్న కాటాని సరిచూడాలి. కిటికీ బయట లారీలు ఎక్కే ఇనప పలక. ఇరవై రెండేళ్ళుగా అతను అక్కడే కూర్చుంటున్నాడు. సరుకుతో వచ్చిన బండిని ఒకసారి, సరుకు దింపి వచ్చాక ఒకసారి తూస్తాడు. డ్రైవర్లు కాటా బాబాయ్ అంటారు.

అతను చిన్న కాటా ఎక్కాడు. డెబ్బై నాలుగున్నర.

మూడు నెలల కిందట ఎనభై రెండు ఉండేవాడు. అప్పుడే అతని చెల్లెలి కాలేయం ఇక పనిచేయదని డాక్టరు చెప్పాడు. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు. తాగుడుకీ దానికీ సంబంధం లేదు. వీధిలో మాత్రం రెండు మూడు నోళ్ళు వేరేగా అన్నాయి. చెల్లెలు నవ్వేసింది.

"టీ కూడా మానేసి పదేళ్ళయింది. నాకొచ్చిందట తాగుబోతుల జబ్బు. ఆ సరదా అయినా తీరలేదు కదరా భగవంతుడా."

కాలేయం మార్చాలి. ఇంట్లో ఎవరైనా ముక్క ఇవ్వాలి. డాక్టరు ఒక్కొక్కరినీ చూశాడు. భర్త రక్తం గ్రూపు కలవలేదు. కూతురికి పదహారేళ్ళు, పద్దెనిమిది నిండాలి. తల్లికి డెబ్బై, వయసు దాటిపోయింది. మిగిలింది అన్న. గ్రూపు కలిసింది. స్కానింగులో కాలేయం నిండా కొవ్వు కనిపించింది.

"ఇలాంటిది కోసిస్తే ఆమెకి సరిగా పనిచేయదు, మీకు మిగిలింది చాలదు. డెబ్బై ఆరు కిలోలకి రండి. మళ్ళీ స్కానింగు చేస్తాం."

తర్వాత మిగతా అందరినీ బయటికి పంపాడు.

"ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. మీది సరిపోలేదని రాస్తాం. కారణం ఎవరికీ చెప్పం. చనిపోయినవాళ్ళు ఇచ్చే కాలేయం మీదే ఆశపెట్టుకుని వేరే దారి చూస్తాం."

తలుపుకి అద్దం ఉంది. బయట బెంచీ మీద చెల్లెలు ఇటే చూస్తోంది.

"ఇష్టమే డాక్టరుగారూ."

చెల్లెలు తన వంతు తను చేసింది. ఒంట్లో ఎక్కడా చీము ఉండకూడదన్నారని పుచ్చిన పళ్ళు రెండు పీకించుకుంది. "నీ ముక్క కోసం నా పళ్ళిచ్చాను అన్నయ్యా. బేరంలో లాభం నీకే," అంది. అతను రాత్రి భోజనం సగం చేశాడు, నూనె మానేశాడు, పనికి నడిచి వచ్చాడు. డెబ్బై ఏడు దాటి కిందికి దిగాక నిద్ర పట్టలేదు. కోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నర్సు వేలితో గీసి చూపించిన చోట చెయ్యి వేసుకుని పడుకునేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పన్నెండు రోజుల కిందట చిన్న కాటా డెబ్బై ఐదున్నర చూపించింది. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రిలో తూకం. అలమరలోంచి కిలో రాళ్ళు రెండు తీసి ప్యాంటు జేబుల్లో చెరొకటి వేసుకున్నాడు. చొక్కా పైకి వదిలాడు. నర్సు అడక్కముందే ఫోను, తాళాలు బల్ల మీద పెట్టి మిషను ఎక్కాడు. డెబ్బై ఏడున్నర.

"ఇంకో కిలోన్నర అంకుల్. రెండు వారాలు గట్టిగా నడవండి."

మెట్ల మీద కుడి జేబు అడుగు కుట్టు ఊడింది. రాయి తొడ మీదికి జారింది. గుడ్డపైనుంచి దాన్ని పట్టుకుని దిగి, రెండు రాళ్ళూ సంచిలో వేసుకున్నాడు.

చెల్లెలు బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను. ఆ సాయంత్రం మంచం మీద కూర్చునే అన్న నడుముకి టేపు చుట్టింది.

"ముప్పై ఎనిమిది ఉండేది, ముప్పై ఐదుకొచ్చింది. ఇంత దిగితే వాళ్ళకి కనపళ్ళేదా?"

"వాళ్ళ మిషను తేడా."

"ఏమో, మిషన్ల సంగతి నీకే తెలియాలి. ఆ ప్యాంటు విడిచి పో, నడుము తగ్గిస్తా. రోడ్డు మీద జారిందంటే నా పరువు పోతుంది."

చెల్లెలి భర్త ప్యాంటు వేసుకుని ఇంటికి బయల్దేరాడు. జేబు సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆరో రోజున చెల్లెలికి జ్వరం వచ్చింది. పొట్టలో చేరిన నీటికి చీము పట్టింది. ఐసీయూలో పెట్టారు. చీము ఉండగా కొత్త కాలేయం పెట్టరు. తగ్గితే చేస్తాం, దాతని సిద్ధంగా ఉండమనండి అన్నారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి అతనికి తూకం, స్కానింగు. డ్యూటీ రెండింటికి దిగుతుంది.

పది గంటలకు పాత ఇనుము లారీ కాటా ఎక్కింది. అతను బయటికి వెళ్ళి బండి చుట్టూ తిరిగాడు. తుక్కు వెనక నీళ్ళ డ్రమ్ము ఉంది, మూతిదాకా.

"దించు."

"బాబాయ్, ఎండకి మేం గొంతు తడుపుకోవద్దా?" అన్నాడు డ్రైవరు.

"రెండు వందల లీటర్లా? గొంతా అది, నుయ్యా? దించి తాగు."

"అబ్బ, నీకు ఒంటినిండా కళ్ళే. ఎప్పుడన్నా ఒక్క కిలో అటూ ఇటూ చూసీచూడనట్టు పోయావా నువ్వు?"

అతను డ్రమ్ము దిగాక తూచాడు. రెండు వందల పది కిలోలు తగ్గింది. చీటీ ఇచ్చాడు. డ్రైవరు అతన్ని ఎగాదిగా చూశాడు.

"తిండి మానేసి ఎలా అయిపోయావో చూడు బాబాయ్. చెల్లెలి కోసం ఇంత చేసేవాడు ఎక్కడున్నాడు?"

"బండి తియ్యి," అన్నాడు అతను.

ఒంటి గంట ఇరవై ఐదుకి ఫోను మోగింది. చెల్లెలి భర్త.

"బావా, అయిపోయింది. పది నిమిషాలైంది."

అతను కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. కడుపు మాడ్చుకున్నావు. దాని రాత అలా ఉంది."

బయట కంకర లారీ కాటా మీద ఉంది. హారన్ రెండుసార్లు మోగింది. అతను ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. పద్దెనిమిది వేల ఆరు వందల ఇరవై. చీటీ మీద అంకె సరిగానే పడింది.

సాయంత్రం ఆరున్నరకు చెల్లెలి ఇంటి ముందు గదిలో కుర్చీలు వేశారు. కుట్టుమిషను గోడవైపుకి జరిపారు. సూదిలో దారం అలాగే ఉంది. తల్లి అతని మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎముక తగులుతోందని రెండుసార్లు అంది. మేనకోడలు లోపల్నుంచి ఒక కవరు తెచ్చింది.

"మావయ్యా, నీ ప్యాంటు. జ్వరం వచ్చిన రోజు పొద్దున కుట్టింది. నీకివ్వమంది."

"ఇంకేమన్నా చెప్పిందా?"

"లేదు."

అతను వరండాలోకి వెళ్ళి ప్యాంటు మడత విప్పి చూశాడు. నడుము మూడంగుళాలు తగ్గింది. కుడి జేబులో చెయ్యి పెట్టాడు. పాత తెల్లగుడ్డ లేదు. దాని చోట చేతిసంచులు కుట్టే మందపాటి గుడ్డ ఉంది. అడుగున రెండు వరసల కుట్టు. ఎడమ జేబు చిరగలేదు. దానికీ అదే గుడ్డ, అడుగున రెండు వరసల కుట్టు.